ఉదాహరణకు మామగారి అడ్రసు

మార్చి 3

ఇవాళ్టి నుంచి డైరీ. ఎవరికీ చెప్పుకోలేనివి రాసుకోవడానికి. చెప్పుకోగలిగినవి ఎలాగూ మా ఆవిడ వినడం లేదు.

పొద్దున హాస్పిటల్‌కి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటూ అడిగింది. "ఇంతకీ రోజంతా ఆ కంప్యూటర్లో ఏం చేస్తున్నావు?"

"పావురం" అన్నాను.

"పావురమా?"

"సర్వర్ సాఫ్ట్‌వేర్. ఆఫీసుల్లో, స్కూళ్లలో మెయిళ్లు అటూ ఇటూ మోస్తుంది. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు. దాన్ని నడపడానికి బోలెడు ఆప్షన్లుంటాయి. ఏది ఏం చేస్తుందో చెప్పే డాక్యుమెంటేషన్ అధ్వానంగా ఉంది. దాన్ని నేను బాగుచేస్తున్నాను."

"జీతం?"

"ఓపెన్ సోర్స్ అని చెప్పానుగా."

ఆమె మొహం చూసి వెంటనే మిగతాది కూడా చెప్పాను. పావురం వాళ్లు డాక్యుమెంటేషన్ కోసం ఒకరిని జీతమిచ్చి పెట్టుకుంటారట. కొత్త వెర్షన్ హడావిడి తగ్గాక ఎవరన్నది తేలుస్తారట. నాకు దాదాపు ఖాయం అన్నాను. ఖాయం అని ఎవరూ అనలేదు నిజమే. కాదని కూడా ఎవరూ అనలేదు కదా.

"మెడ అంత ముందుకి చాచకు" అని వెళ్లిపోయింది. ఫిజియోథెరపిస్టును చేసుకుంటే కష్టసుఖాలన్నీ మెడ దగ్గరే ఆగిపోతాయి.

మార్చి 5

పావురం డాక్యుమెంటేషన్ చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ‘క్యూ-వెయిట్’ అని ఒక ఆప్షన్ ఉంది. దాని వివరణ: "క్యూ వెయిట్‌ను నిర్ణయిస్తుంది." ‘రిపోర్ట్-టు’ అని ఇంకొకటి. వివరణ: "రిపోర్టు ఎవరికో నిర్ణయిస్తుంది." నీ పేరేంటయ్యా అంటే నా పేరు నా పేరే అన్నట్టుంది. ‘ఓల్డ్-మోడ్’ అనే దానికైతే "దీన్ని ముట్టుకోకండి" అని రాసి ఊరుకున్నారు. ఎందుకు ముట్టుకోకూడదో రాసినవాడికే తెలియదని నా నమ్మకం.

నేను వాషింగ్ మెషీన్ల కంపెనీలో మాన్యువళ్లు రాసినవాణ్ణి. లోపల పిల్లి ఉందేమో చూసి మూత వెయ్యండి అని కూడా రాశాను. మా విభాగం ఎత్తేసేదాకా ఒక్క పిల్లి గురించి కూడా కంప్లైంటు రాలేదు. మాన్యువల్ ఎవరూ చదవరని మా మేనేజరు అనేవాడు. పిల్లులు ఎలా బతికాయో మరి అతనే చెప్పాలి.

నా పద్ధతి వేరు. ప్రతి ఆప్షన్‌కీ అది ఏం చేస్తుంది, పట్టించుకోకపోతే ఏమవుతుంది అని రాస్తాను. కింద ఒక ఉదాహరణ ఇస్తాను. ఆ ఉదాహరణ ఊహించి రాసింది కాదు. నా కంప్యూటర్లో నడిపి, పనిచేస్తుందని కళ్లారా చూసింది.

మార్చి 6

మామగారు పొద్దున హాల్లో కుర్చీలోంచి అడిగారు. "ఇవాళ ఆఫీసు లేదా అల్లుడుగారూ?"

"లేదండీ."

రోజూ అడుగుతారు. రోజూ లేదు.

మార్చి 10

మామగారు మా ఇంటికొచ్చింది అత్తగారు పోయాక. ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కంప్లైంట్స్ సెక్షన్. ఊళ్లో ఎవరి ఫోను మూగబోయినా ముందు ఆయనకే చెప్పుకునేవారు. రోజంతా వినీ వినీ ఇంటికొచ్చాక మాట్లాడేవారు కాదని మా ఆవిడ చెబుతుంది. మాట్లాడే బాధ్యత అత్తగారిదట. ఇప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. కిటికీ అవతల ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

మా ఆవిడ డ్యూటీకి వెళ్లాక సాయంత్రం వరకూ ఇంట్లో మేమిద్దరమే. మా సంభాషణంతా ఇంతే.

"టీ?"

"టీ."

నాకు ఏమీ ఇబ్బంది లేదు. నాకు పని ఉంది.

మార్చి 12

ప్రాజెక్టులో నేను రాసినవన్నీ చూసి ఒప్పుకోవాల్సిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆడో మగో, ఏ దేశమో తెలియదు. ఏం పంపినా "సరే గానీ" అని మొదలుపెట్టి, పంపినదానికంటే పొడుగ్గా తప్పులు రాస్తారు. సరేగానీ అని పేరు పెట్టుకున్నాను. ఉద్యోగం ఎవరికన్నది తేల్చేది కూడా సరేగానీయే. అందుకని తిట్టుకోవాల్సింది ఇక్కడ తిట్టుకుని అక్కడ "ధన్యవాదాలు" అని రాస్తున్నాను.

మార్చి 17

ఇవాళ ‘రిపోర్ట్-టు’ పూర్తి చేశాను. సర్వర్‌కి ఒంట్లో బాగాలేనప్పుడు, అంటే డిస్కు నిండినా, మెమరీ చాలకపోయినా, బ్యాకప్ ఆగినా, ఎవరో ఒకరికి మెయిల్ పంపుతుంది. ఎవరికి పంపాలో ఈ ఆప్షన్‌లో చెప్పాలి. ఇంత చిన్న విషయాన్ని ఇన్నేళ్లూ ఎవరూ రాయలేదు.

నడిపి చూడ్డానికి ఒక మెయిల్ అడ్రసు కావలసి వచ్చింది. నా మెయిల్ నిండా ఉద్యోగాల ప్రకటనలు. పొద్దునే మామగారికి పెన్షన్ ఆఫీసు మెసేజీలు వస్తాయని కొత్త అకౌంటు తెరిచాను. ఖాళీగా, తళతళలాడుతూ ఉంది. అది ఇచ్చాను. సర్వర్‌ని కావాలని చెడగొట్టాను. టింగుమని మెయిల్ వచ్చింది. నేను టైపు చేసిన ఆ నాలుగు లైన్లనూ, అడ్రసుతో సహా, అక్షరం పొల్లుపోకుండా డాక్యుమెంటేషన్లో ఉదాహరణగా అతికించాను.

సరేగానీ తన అలవాటు ప్రకారం రాశారు. "సరే గానీ, రెండో వాక్యం పొడుగైంది." అది తప్ప ఇంకేమీ అనలేదు. ఇంత తక్కువ తిట్టు ఎప్పుడూ పడలేదు. ఉద్యోగం ఖాయం.

మార్చి 18

ఖాయమే.

ఏప్రిల్ 4

పావురం కొత్త వెర్షన్ విడుదలైంది. ఇందులో ‘రిపోర్ట్-టు’ తప్పనిసరి చేశారు. అది నింపకపోతే సర్వర్ అసలు లేవదు. ప్రపంచం మొత్తం లబోదిబోమంటూ నేను రాసిన పేజీకే వస్తోందట. సరేగానీ చెప్పారు. మెడ నొప్పి కూడా తెలియలేదు.

ఏప్రిల్ 6

మామగారు తనంతట తాను వచ్చి మాట్లాడారు. టీ గురించి కాదు.

"అల్లుడుగారూ, ఈ బృహస్పతి ఎవరండీ?"

"గ్రహం అండీ."

"గ్రహమే గానీ, మెమరీ తగ్గిపోతోందని నాకు రాశాడు. పాపం, పొద్దున్నించి రెండుసార్లు."

పాత లాప్‌టాప్ చూపించారు. చూశాను. బృహస్పతి అనేది ఎక్కడిదో ఒక సర్వర్ పేరు. సర్వర్లకు గ్రహాల పేర్లు, జంతువుల పేర్లు పెట్టుకోవడం ఈ వృత్తిలో జబ్బు. దాని కింద ‘ఏనుగు’ నుంచి ఒకటి, ‘ఉడుత-కొత్తది’ నుంచి ఒకటి.

నా ఉదాహరణను ఉన్నదున్నట్టు ఎత్తి తమ సర్వర్లలో పెట్టేసుకున్నారు. అడ్రసు మార్చుకోవాలన్న ధ్యాస కూడా లేదు! ఉదాహరణంటే ఉదాహరణ అని తెలియని వాళ్లకి సర్వర్లెవరిచ్చారు?

అయినా ముగ్గురే కదా. ముగ్గురు పొరపాటు పడితే అది డాక్యుమెంటేషన్ తప్పెలా అవుతుంది.

ఏప్రిల్ 7

పదకొండు మంది.

ఏప్రిల్ 8

లెక్కపెట్టడం మానేశాను.

ఏప్రిల్ 9

ఒక్క నిమిషం పని. పేజీలో మామగారి అడ్రసు తీసేసి, అందరూ పెట్టే ఉత్తుత్తి అడ్రసు పెట్టాలి. ఉదాహరణల కోసమే ప్రపంచం కేటాయించిన అడ్రసు ఒకటుంది. ఈ వృత్తిలో చేరిన మొదటి రోజే ఎవరైనా నేర్చుకుంటారు. నాకు తెలియక కాదు. నడిపి చూసిన ఉదాహరణే పెడతానన్న నా పౌరుషం నన్నిక్కడికి తెచ్చింది.

కానీ మార్చితే సరేగానీ చూస్తారు. ఎందుకు మార్చావని అడుగుతారు. సొంత మామగారి అడ్రసును ప్రపంచానికి పంచిపెట్టినవాడికి ఎవరైనా ఉద్యోగమిస్తారా? తేల్చడానికి ఇంకా ఎంతో కాలం లేదు. తేలాక మారుస్తాను. ఈలోగా మెయిళ్లను తీసేస్తుంటే సరిపోతుంది.

ఏప్రిల్ 10

తీసేద్దామని వెళితే మామగారు లాప్‌టాప్ ఇవ్వలేదు.

"అవి పెండింగ్‌లో ఉన్నాయండీ" అన్నారు.

ఏప్రిల్ 13

మామగారు గడ్డం గీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కిటికీ దగ్గరి కుర్చీని డైనింగ్ టేబుల్ దగ్గరకి, నాకెదురుగా లాక్కున్నారు. పదింటికల్లా లాప్‌టాప్ తెరిచి కూర్చుని, ఒక్కో మెయిల్‌కీ ఒంటివేలితో జవాబు కొడుతున్నారు.

తొంగిచూశాను. ఏనుగు డిస్కు నిండిపోయిందని రాసింది. దానికి జవాబు: "తమ ఫిర్యాదు అందినది. ఎప్పటినుండి నిండినది? అక్కరలేనివి తీసి చూడగలరు. ఫలితము తెలియజేయగలరు." బృహస్పతికి: "మెమరీ తగ్గుట నాకును కలదు. కంగారు పడవద్దు. తమ ఇంటివారికి తెలియజేసితిరా?"

నాకు నవ్వాగలేదు. దగ్గు అని చెప్పి వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను.

మా ఆవిడ సాయంత్రం వచ్చి నోరు వెళ్లబెట్టింది. "నాన్న కూనిరాగం తీస్తున్నారు! ఏం చేశావు?"

"మెయిల్ నేర్పించాను" అన్నాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 16

బాగా ఆలోచించాను. ఆ అడ్రసు ఉంచడం వెనుక నా స్వార్థమేమీ లేదు. ఇదంతా మామగారి ఆరోగ్యం కోసం.

ఏప్రిల్ 21

ఇవాళ టీ నేనే పెట్టి తీసుకెళితే చెయ్యి అడ్డం పెట్టారు. "ఒక్క నిమిషం. డ్యూటీలో ఉన్నాను."

అల్లుణ్ణి నేను. ఇంట్లో పని నాది. ప్రాజెక్టు నాది. టీ పట్టుకుని నిలబడ్డదీ నేనే.

కొన్ని మెయిళ్లకు నిజంగానే జవాబులొస్తున్నాయి. సర్వర్ల వెనకాల ఉన్న మనుషులు అప్పుడప్పుడూ వాటి మెయిల్ పెట్టెలు తెరిచి చూస్తారు కాబోలు. ఉడుత తాలూకు మనిషి రాశాడట: "మీరెవరో గానీ బతికించారు." మామగారు అది నాకు రెండుసార్లు చదివి వినిపించారు. మూడోసారి మా ఆవిడకి.

ఏప్రిల్ 29

సరేగానీ అడిగారు, ‘రిపోర్ట్-టు’ పేజీ మీద ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగడం లేదు, ఏం మంత్రం వేశారు అని.

ధన్యవాదాలు అని రాశాను.

మే 8

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

శుక్రుడు అని ఒక సర్వర్ ఉంది. బ్యాకప్ పూర్తి కావడం లేదని రోజూ పొద్దున్నే రాస్తుంది. మామగారు రోజూ జవాబిస్తారు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. మిగతావన్నీ ఒక కొలిక్కి వస్తున్నా శుక్రుడొక్కడే కదలడం లేదని రెండు రోజులుగా ఆయనకి అన్నం సయించడం లేదు. ఇవాళ మెయిల్ అడుగున ఉన్న సంస్థ పేరు పట్టుకుని ఎక్కడెక్కడో వెతికి ఫోన్ నంబరు సంపాదించారు. ఫోనంటే ఆయనకి అమ్మ ఒడి. నేనెదురుగా ఉండగానే కలిపారు. స్పీకర్‌లో పెట్టారు. అది పశువుల ఆస్పత్రి.

"చెప్పండి, ఏమైంది?" అంది రిసెప్షన్ అమ్మాయి.

"శుక్రుడికి బాగాలేదమ్మా."

"శుక్రుడంటే ఎద్దా, కుక్కా?"

"మీ దగ్గర ఉండేవాడేనమ్మా. మూడు వారాలుగా పూర్తి కావడం లేదంటున్నాడు."

"మూడు వారాలా! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ? మరి మేత తింటున్నాడా?"

"తినడం తెలియదు గానీ నిండుగా ఉన్నానంటాడు."

"కడుపుబ్బరం. వెంటనే తీసుకురండి."

"నేనెలా తెస్తానమ్మా, మీ గదిలోనే ఉన్నాడు కదా!"

ఆ అమ్మాయి భయపడి ఇంకెవరికో ఇచ్చింది. చివరికి ఫోను కంప్యూటర్లు చూసుకునే అతని దగ్గరికి చేరింది. అతను ముందు విసుక్కున్నాడు. తరవాత కీబోర్డు టకటకలు వినిపించాయి. తరవాత ఏమీ వినిపించలేదు.

"సార్" అన్నాడు కాసేపటికి. గొంతు మారిపోయింది. "బ్యాకప్ అసలు లేదు సార్. డిస్కు చివరి దశలో ఉంది. పశువుల రికార్డులన్నీ దీంట్లోనే ఉన్నాయి. ఇంకో వారమైతే మా కొంప మునిగేది. ఇంతకీ మీకెలా తెలిసింది?"

"వాడే రాశాడు బాబూ, నాకు" అన్నారు మామగారు.

"మీకా? నాకు రావాలి కదా సార్ అది!"

నేను మెల్లగా లేచి ఫోను అందుకునేలోగా మామగారు తన మెయిల్ అడ్రసు విడివిడిగా, ఒక్కో అక్షరం, టెలిఫోన్ పద్ధతిలో చెప్పేశారు. అతనికి మా పేజీ వెతకడానికి ఎంతసేపు పడుతుంది?

ఉద్యోగం గురించే అనుకున్నాను ముందు. మామగారు టీ తాగడానికి లేచాక ఇంకొకటి తోచింది. ఆ మెయిల్ అతనికి రావాల్సింది. నేను పెట్టిన ఉదాహరణ వల్ల రాలేదు. మామగారు పట్టు వదిలేసి ఉంటే ఆ ఆస్పత్రి రికార్డులు పోయేవి, నాకు తెలిసేది కూడా కాదు. చాలా సిగ్గేసింది. మామగారి ఆరోగ్యం కోసం అని పైన ఎక్కడో రాసుకున్నాను. చించేద్దామనుకున్నాను గానీ ఉండనీ.

మే 9

పశువుల ఆస్పత్రి అతను ప్రాజెక్టులో అందరూ చూసే చోట కృతజ్ఞతలు రాశాడు. "మీ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన సహాయ కేంద్రం అద్భుతం. ఫోన్ చేసి మరీ చెప్పారు. పెద్దాయనకు నా నమస్కారాలు."

కింద సరేగానీ ఒకే ఒక్క ప్రశ్న: "ఏ సహాయ కేంద్రం?"

మే 9, రాత్రి

జవాబు రాసి రాసి కొట్టేశాను. ఒక జవాబులో సర్వర్ తప్పన్నాను. ఇంకోదాంట్లో "మానవీయ కోణంలో ఒక ప్రయోగం" అన్నాను. అది చదివి నాకే అసహ్యం వేసింది.

చివరికి ఉన్నదున్నట్టు రాశాను. పెన్షన్ అకౌంటు, నడిపి చూసిన పౌరుషం, ఉద్యోగం పోతుందని నోరు మూసుకోవడం, శుక్రుడు. పేజీలో అడ్రసు తీసేసి ఉత్తుత్తి అడ్రసు పెట్టాను. దాని కింద పెద్దక్షరాల్లో ఒక వాక్యం చేర్చాను: "దీన్ని ఇలాగే పెట్టుకోకండి. రోజూ చదివే మనిషి ఉన్న అడ్రసు ఇవ్వండి. అలాంటి మనిషి లేకపోతే ముందు మనిషిని చూసుకోండి." పంపేశాను.

మా ఆవిడకి కూడా చెప్పాను. ఖాయం కాదని. ఎప్పుడూ కాదని.

"నువ్వు ఖాయం అన్నప్పుడల్లా నీ భుజాలు చెవుల దాకా వెళ్లేవి. నాకు ఆ రోజే తెలుసు" అంది.

మే 15

ఏ కబురూ లేదు. అడగడానికి మొహం చెల్లడం లేదు.

మే 22

సరేగానీ మెయిల్. ఈసారి "సరే గానీ" లేదు. అదే భయం పుట్టించింది.

"మిగతా ఇద్దరు అభ్యర్థులు బాగా రాస్తారు. మీకంటే బాగా రాస్తారు. కానీ తమ వాక్యాన్ని ఎవరో నిజంగా చదివి, అందులో ఉన్నట్టే చేస్తారన్న భయం వాళ్లకి ఇంకా కలగలేదు. మీకు కలిగింది. అది నేర్పడానికి నాకు ఓపిక లేదు. వచ్చే నెల నుంచి చేరండి. మళ్లీ దాచిపెడితే మాత్రం ఊరుకోను."

మూడుసార్లు చదివాను. ఆ తరవాత మా ఆవిడకి ఫోన్ చేశాను. ఎవరికో మోకాలు వంచుతూ మధ్యలో ఎత్తింది. విని గట్టిగా అరిచింది. వెనకాల ఆ మోకాలాయన కూడా అరిచాడు.

మామగారికి చెబితే లేచి చెయ్యి కలిపారు. "ఆఫీసు ఎక్కడండీ?"

"ఇక్కడేనండీ. ఈ టేబులే."

"అయితే మనం కొలీగ్స్" అని మళ్లీ లాప్‌టాప్‌లోకి వంగారు. అప్పటిదాకా ఉన్న సంతోషం కాస్తా నీరుగారిపోయింది. ఆ మెయిళ్లు ఇక ఆగాలి. ఆగాలంటే ఆయనకి చెప్పాలి. ఎలా చెప్పాలి?

మే 23

టీ తాగాక చెబుదామనుకున్నాను. తాగాం. భోజనం అయ్యాక చెబుదామనుకున్నాను. అయింది.

మే 25

చెప్పాను. నీళ్లు నములుతూ, మెడ ఎంత ముందుకి చాచానో నాకే తెలియకుండా. ఆ మెయిళ్లు ఆయన కోసం వచ్చినవి కావని, నా పొరపాటు వల్ల దారి తప్పి వచ్చాయని, రాసేది మనుషులు కాదు యంత్రాలని.

మామగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"యంత్రాలని తెలియదా అండీ? మనిషైతే రోజూ పొద్దున ఒకే మాట, ఒకే నిమిషానికి రాస్తాడా?" అన్నారు. "నాకోసం కాదని కూడా తెలుసు. సెక్షన్‌లో అంతకాలం కూర్చున్నాను. ఒక్క ఫోను నాకోసం రాలేదు. అలాగని ఎత్తకుండా ఉంటామా?"

నా కుర్చీ ఆయనకి దగ్గరగా జరుపుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అన్నారు.

పేజీ మార్చాను గానీ, ఇప్పటికే ఆయన అడ్రసు పెట్టుకున్నవాళ్లు దాన్ని తమంతట తాము మార్చుకోరని చెప్పాను. ఒకసారి నడిచిన సర్వర్ జోలికి ఎవరూ పోరు.

ఆయన తల ఊపారు. "ఎక్స్ఛేంజి మారినప్పుడు మేం ఇంటింటికీ చెప్పాం, నంబరు మారిందని. ఊరంతా చెప్పాం. ఇదెంత?"

జూన్ 1

ఇవాళ ఉద్యోగంలో చేరాను. అదే టేబుల్. ఎదురుగా మామగారు ఒక్కో సర్వర్ వాళ్లకీ రాస్తున్నారు, కుదిరితే ఫోన్ చేస్తున్నారు. "అయ్యా, ఇకమీదట తమ సర్వరు ఫిర్యాదు తమకే వచ్చునట్లు మార్చుకొనగలరు. వచ్చినప్పుడు తప్పక చదవగలరు." ఎవరి దగ్గర్నుంచి మెయిళ్లు ఆగిపోతే వాళ్ల పేరు చెప్పి సంబరపడతారు. "ఏనుగు అయిపోయిందండీ!" అంటారు. తన పెట్టెను తన చేత్తోనే ఖాళీ చేసుకుంటున్నారు.

‘ఓల్డ్-మోడ్’ గురించి సరేగానీని అడిగాను. ముట్టుకోకండి అన్నారు.

జూన్ 12

బృహస్పతి ఒక్కటే మిగిలింది. దాని మనిషి సెలవులో ఉన్నాడట.

జూన్ 19

పొద్దున పదింటికి మామగారు లాప్‌టాప్ తెరిచారు. ఏమీ రాలేదు. పదకొండింటికి చూశారు. ఏమీ లేదు. బృహస్పతి కూడా ఆగిపోయింది. మూత వేసి రెండు చేతులూ దాని మీద పెట్టారు.

"పెండింగ్ ఏమీ లేదండీ" అన్నారు. ఆ గొంతులో గర్వమే ఉంది. సర్వీసులో ఎప్పుడూ ఆ మాట అనగలిగే రోజు రాలేదట. రిటైరైన రోజు కూడా ఇంకొకరికి అప్పజెప్పి వచ్చారట.

కానీ భోజనమయ్యాక కుర్చీని మళ్లీ కిటికీ దగ్గరికి లాక్కున్నారు. నేను దేనికో వివరణ రాస్తున్నాను. ఒక్క వాక్యం కదల్లేదు. వెళ్లి ఏదో ఒకటి మాట్లాడాలి. ఏం మాట్లాడాలి? ఇన్ని నెలల్లో టీ గురించీ సర్వర్ల గురించీ తప్ప మేం మాట్లాడుకున్నదేముంది?

ఆయనే పిలిచారు. ఇటు తిరగకుండానే.

"అల్లుడుగారూ, నాదొక కంప్లైంటు ఉంది. తీసుకుంటారా?"

లేచి వెళ్లి కిటికీ దగ్గర నేల మీద కూర్చున్నాను. "చెప్పండి మామయ్యగారూ."

"ఎప్పుడూ ఇవ్వలేదు. ఎలా ఇవ్వాలో తెలియదు" అన్నారు. కాసేపు ఎదురింటి గోడ చూశారు. "మధ్యాహ్నాలు కదలడం లేదండీ. పొద్దున్న ఎలాగో అయిపోతుంది. సాయంత్రం అమ్మాయి వస్తుంది. ఈ మధ్యాహ్నమే కదలదు. మీ అత్తగారు ఈ వేళప్పుడే మాట్లాడేది. ఏదో ఒకటి. నేను వినేవాణ్ణి కాదు. ఇప్పుడు వినపడటం లేదు."

ఇలాంటప్పుడు ఏమనాలో ఏ మాన్యువల్లోనూ లేదు. ఇన్నాళ్లూ ఆయన ఏనుగునీ శుక్రుణ్ణీ అడిగింది గుర్తొచ్చి, అదే అడిగాను.

"ఎప్పటినుంచండీ?"

ఆయన నా వైపు తిరిగారు. చెప్పడం మొదలుపెట్టారు. అత్తగారికి ఫోనులో మాట్లాడటమంటే భయమని చెప్పారు. పెళ్లైన కొత్తలో ఎక్స్ఛేంజి చూపిద్దామని తీసుకెళితే, అన్ని గొంతులు ఒకేసారి వినడానికి నీకు చెవులెన్ని అని అడిగిందట. చెబుతూ నవ్వారు, చెబుతూనే ఏడ్చారు. నేనూ ఏడ్చాను. టీ పెట్టుకోవడం ఇద్దరికీ గుర్తు లేదు.

మా ఆవిడ వచ్చేసరికి నేల మీద నేను, కుర్చీలో ఆయన. సంచీ భుజానే ఉంచుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు" అన్నాను. "కంప్లైంటు రాసుకుంటున్నాను."

"అయిందా?" అంది.

"ఎక్కడమ్మా, ఇప్పుడే మొదలైంది" అన్నారు మామగారు.